కాస్పియన్లు తల్లిదండ్రులను ఆకలితో చంపేవారా? స్ట్రాబో మాట ఎంతవరకు నమ్మాలి?

గోదారిగట్టు:
కాస్పియన్ సముద్రానికి పేరిచ్చిన జనం గురించి చదువుతున్నాను. సముద్రానికి నైరుతి వైపు, కురా, అరస్ నదుల మైదానం చుట్టుపక్కల, అంటే నేటి అజర్‌బైజాన్‌లో ఉండేవాళ్లు. క్రీ.శ. 1వ శతాబ్దం తొలినాళ్లకే ఆ తెగ కనుమరుగైందని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఆయనే ఇంకోటి కూడా రాశాడు. డెబ్బై దాటిన వాళ్లను తిండి పెట్టకుండా చంపి, శవాన్ని ఎడారిలో పెట్టి దూరం నుంచి చూసేవారట. పక్షులు లాక్కెళ్తే అదృష్టం, మృగాలో కుక్కలో లాగితే అంతకంటే తక్కువ, ఏదీ ముట్టుకోకపోతే దురదృష్టం. ఆ జనం గురించి ఎక్కడ చూసినా ముందు ఈ కథే చెబుతున్నారు. ఇది నిజమేనంటారా?

నల్లరేగడి:
నిజం కాకపోవడానికి ఏముందండీ? తమిళనాడులో విరుదునగర్ వైపు తలైకూత్తల్ అని ఉంది. మంచాన పడ్డ ముసలివాళ్లకు తలంటి, కొబ్బరినీళ్లు తాగించి ప్రాణం పోయేలా చేసిన సంగతి 2010లో పత్రికల్లో వచ్చింది. మన పక్క రాష్ట్రంలో మన కాలంలోనే జరిగితే, రెండు వేల ఏళ్ల కిందటి తెగలో జరగలేదని ఎలా అంటాం? పాత జనాలను వెనకేసుకురావడం చరిత్ర కాదు.

పాతపత్రం:
నల్లరేగడి గారూ, అలాంటి ఆచారం లోకంలో ఉండటం వేరు, ఫలానా జనానికి ఉందనడం వేరు. స్ట్రాబో ఈ మాట రాసిన చోటే, కొన్ని వాక్యాల తేడాలో డెర్బికెస్ అనే ఇంకో తెగ సంగతీ ఉంది. వాళ్లు డెబ్బై దాటిన మగవాళ్లను చంపి తింటారట. అక్కడా అదే డెబ్బై! మధ్య ఆసియాలోని మస్సగెటే జనం ముసలివాళ్లను చంపి వండుకుంటారని అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ హెరొడోటసే భారతదేశంలో పదాయియోలు అనే వాళ్లు జబ్బుపడ్డవాళ్లను, ముసలివాళ్లను చంపి తింటారనీ రాశాడు. మన గురించి రాసింది పుకారు, కాస్పియన్ల గురించి రాసింది చరిత్ర అనగలమా? గ్రీకులకు తెలిసిన లోకం అంచున ఎవరున్నా ఈ కథే అంటగట్టారు.

అయితే అంతా కల్పన అని కూడా నేను అనను. పక్షుల మాట చూడండి. పర్షియాలో మాగి పూజారుల శవాలను పక్షో కుక్కో చీల్చాకే పూడ్చిపెడతారని హెరొడోటస్ రాశాడు. పార్సీలు దఖ్మాలో, అంటే శవాలను ఉంచే గుండ్రటి కట్టడంలో, శవాన్ని రాబందులకు వదిలే ఆచారం ఈ సంప్రదాయంలోదే. మన సికింద్రాబాద్ పార్సీగుట్టకు ఆ పేరు ఊరికే రాలేదు. కాస్పియన్లూ శవాలను ఆరుబయట ఉంచి ఉంటారు, నాకిది నమ్మదగ్గదిగానే ఉంది. ఆరుబయట ముసలాయన శవం చూసిన పరదేశి, 'బతికుండగానే మాడ్చి పడేశారు' అని చెప్పుకుని ఉంటాడు.

కశ్యపగోత్రం:
అసలు అది కశ్యప సముద్రం. కశ్యప మహర్షి సంతతి అక్కడ స్థిరపడింది. మన వాళ్ల గురించి గ్రీకులు ఇలా రాస్తే మనమే చర్చ పెట్టుకోవడం బాధగా ఉంది.

పాతపత్రం:
మీ బాధ అర్థమైంది. కానీ శబ్దం కలిసినంత మాత్రాన సంబంధం తేలదు. ఆ తీరాన్ని కశ్యపుడికి ముడిపెట్టే పాత శాసనమో, పత్రమో చూపిస్తే తప్పకుండా మాట్లాడుకుందాం. పర్షియా పన్నుల జాబితాలో హెరొడోటస్ కాస్పియన్లను రెండు చోట్ల చెప్పాడన్నది మాత్రం నిజం. 11వ విభాగంలో మరికొందరితో కలిపి 200 టాలెంట్లు (టాలెంట్ అంటే అప్పటి వెండి తూకం), 15వ విభాగంలో శకులతో కలిపి 250. ఆ రెండోవాళ్లు వేరే జనమని, కశ్మీర్ వైపు వాళ్లని కొందరు పండితులు అనుకున్నారు. అది ఇంకా తేలలేదు.

గోదారిగట్టు:
మరి కాస్పియన్లు తమ గురించి తాము చెప్పుకున్నది ఏదీ మిగల్లేదా?

పాతపత్రం:
ఉంది! అదీ ఈజిప్టులో. నైలు నదిలో ఎలిఫాంటైన్ దీవి, దాని ఎదుట నేటి అస్వాన్. అప్పుడు ఈజిప్టు పర్షియా ఏలుబడిలో ఉంది, అక్కడి పర్షియా దండులో యూదులతో పాటు కాస్పియన్లూ ఉన్నారు. క్రీ.పూ. 437లో అరమాయిక్ భాషలో రాసిన ఇల్లు అమ్మకం దస్తావేజు దొరికింది. 1953లో అచ్చయింది, ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. అమ్మినవాళ్లు బజు కొడుకు బగజుష్ట, అతని భార్య ఉబిల్. ఇద్దరినీ కాస్పియన్లనే రాశారు. కొన్నది యూదుల దేవుడు యాహు గుడిలో సేవకుడు అననియా. నాలుగు దిక్కులా హద్దులు రాసి ఉన్నాయి, మన రిజిస్ట్రేషన్ కాగితంలో రాసినట్టే. ఒక హద్దు రాజుగారి ఖజానా, ఇంకో హద్దు వీధి అవతల యాహు గుడి. భార్య పేరు కూడా అమ్మకందారుగా ఉంది. ఈ జనం గురించి ఎవరు రాసినా ఉబిల్‌ను వదిలేసి శవాలతో మొదలుపెడుతున్నారు. నాకు కోపం తెప్పించేది అదే.

నల్లరేగడి:
దస్తావేజు బాగుంది, కాదనను. కానీ వాళ్లు పరాయి దేశంలో జీతానికి బతికే సైనికులు. బగజుష్ట అనేది ఇరానీ పేరు. అంటే దండులో చేరి పర్షియన్ పద్ధతుల్లో కలిసిపోయి ఉండొచ్చు. సొంతూళ్లో ముసలి తల్లిదండ్రులను ఏం చేశారో ఆ కాగితం చెప్పదు.

పాతపత్రం:
అవును, చెప్పదు. వాళ్లు మొదటినుంచీ ఇరానీ జనమా, లేక ఇరానీయులు రాకముందే అక్కడున్నవాళ్లు ఆ పేర్లు పెట్టుకున్నారా అన్నది కూడా ఆ పేర్లతో తేలదు. నేను అడిగేది రాసే వరస గురించి. తెలుగులో ఎవరైనా వ్యాసం రాస్తే, క్రీ.పూ. 437లో భార్యాభర్తలు కలిసి ఇల్లు అమ్మారన్నది పత్రం ఉన్న విషయం, అది ముందు రావాలి. ఆకలి చావుల మాట తర్వాత, 'స్ట్రాబో ఇలా విన్నాడు' అని ఆయన పేరు మీదే రావాలి.

నల్లరేగడి:
స్ట్రాబో పేరు మీద పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. వరస మార్చడానికి మాత్రం ఒప్పుకోను. అమ్మకం పత్రం ఒక్క దంపతుల సంగతి, స్ట్రాబో మాట్లాడింది మొత్తం తెగ గురించి. విన్నమాటే అయినా దాని పరిధి పెద్దది.

పాతపత్రం:
పరిధి పెద్దదైన కొద్దీ సాక్ష్యం కూడా అంత పెద్దది కావాలండీ. ఒక తెగ మొత్తం మీద తల్లిదండ్రుల హత్య మోపుతున్నాం.