బైపీసీ వాళ్ళు అంటువ్యాధుల మోడలింగ్ నేర్చుకోవాలంటే ముందు కాలిక్యులస్ రావాలా?

బైపీసీ బ్యాచ్ (తిరుపతి):
ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజెడ్‌సీ, ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ. జబ్బులు ఎలా పాకుతాయో లెక్కగట్టడం నేర్చుకుందామని ఆన్‌లైన్ కోర్సులో చేరాను. రెండో పాఠానికే డిఎస్ బై డిటి అనే కాలిక్యులస్ గుర్తు వచ్చింది, అక్కడే ఆగిపోయాను. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టలేదు. ఒక సీనియర్‌ని అడిగితే "ముందు ఇంటర్ మ్యాథ్స్ మొత్తం పూర్తి చెయ్యి, ఆ తర్వాత రా" అన్నారు.

నాకది సరైన సలహా అనిపించడం లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ డాక్టరు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలు, మలేరియా నిలవలేదని తర్వాత లెక్క వేసి చూపించిందీ ఆయనే. ఆ లెక్కలు ఆయన సొంతంగా నేర్చుకున్నవి. జబ్బు పాకడాన్ని లెక్కగట్టడానికి ఇప్పుడు అందరూ వాడే ఎస్ఐఆర్ మోడల్ 1927 నాటిది. దాన్ని రాసిన ఇద్దరిలో మెకెండ్రిక్ మన దేశంలో పనిచేసిన డాక్టరు, కెర్మాక్ కెమిస్టు. కెర్మాక్‌కు అప్పటికి మూడేళ్ళ కిందటే ప్రయోగశాలలో పేలుడు జరిగి చూపు పోయింది. వాళ్ళు తమ లెక్కను సరిచూసుకున్నది బొంబాయి ప్లేగు మరణాలతో. వీళ్ళందరికీ జబ్బు ముందు తెలుసు, దాన్ని అర్థం చేసుకోవడానికి లెక్క అవసరమైంది. మాకు మాత్రం వరస ఎందుకు మారాలి?

మా హాస్టల్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, చిన్నప్పుడే వచ్చి తగ్గినవాళ్ళే అన్నం తీసుకెళ్తారు. ఇంకా రానివాళ్ళు, ఇప్పుడు ఉన్నవాళ్ళు, వచ్చి తగ్గినవాళ్ళు. ఎస్, ఐ, ఆర్ అంటే ఈ మూడు గుంపులే. ఇది మా అవ్వకు కూడా తెలుసు.

చాక్‌పీస్:
ముప్పై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అమ్మా, రాస్‌ను సాక్షిగా తెచ్చావు. మరి ఆయన కూర్చుని లెక్కలు నేర్చుకున్నాకే కదా ఆ పని చేసింది? గుంపులకు పేర్లు పెట్టడం అవ్వకు వస్తుంది. ఆ గుంపులు ఎంత వేగంగా మారుతాయో చెప్పాలంటే మారే వేగానికి ఒక భాష కావాలి. ఆ భాషే కాలిక్యులస్. అది రాకుండా సాఫ్ట్‌వేర్‌లో నంబర్లు వేసి గ్రాఫ్ తీసేవాళ్ళను చాలామందిని చూశాను. గ్రాఫ్ ఎందుకు వంగిందని అడిగితే మాట రాదు.

కొండమీద సేవ:
నేను లెక్కల మనిషిని కాను. శ్రీవారి సేవకు వెళ్ళినప్పుడు క్యూ కాంప్లెక్సులో డ్యూటీ పడుతుంది. "కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు" అని రోజూ పేపర్లో వస్తుంది కదా, దాని వెనక ఒక చిన్న గుణకారం ఉంది. గంటకు 3 వేల మంది లోపలికి వస్తూ, ఒక్కొక్కరు 8 గంటలు ఉంటారనుకోండి. లోపల ఎప్పుడు చూసినా 24 వేల మంది ఉంటారు. ఆసుపత్రి వార్డుకూ ఇదే వర్తిస్తుందని ఒక డాక్టరుగారు చెప్పారు. రోజుకు చేరేవాళ్ళను, ఉండే రోజులతో గుణిస్తే ఎన్ని మంచాలు కావాలో తెలుస్తుంది. దీనికి కాలిక్యులస్ ఎందుకండీ?

హౌస్‌సర్జన్:
కొండమీద సేవ గారూ, మీ ఉదాహరణ చాలా బాగుంది. ఒక్క తేడా చెప్పాలి. మీ క్యూలో ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్తారు. మామూలు ఎస్ఐఆర్‌లో అలా కాదు. ఈరోజే జ్వరం వచ్చినవాడికీ, వారం నుంచి ఉన్నవాడికీ రేపు తగ్గే అవకాశం ఒకటే అని అది అనుకుంటుంది. నిజం జబ్బు అలా ఉండదు. అందుకే 'ఐ' గుంపును వరసగా నాలుగైదు గదులుగా విడగొడతారు, అచ్చం మీ కంపార్ట్‌మెంట్లలాగే.

నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. మోడల్ దెబ్బతినేది లెక్క తప్పడం వల్ల కంటే, దాని కింద ఏం అనుకున్నామో మరిచిపోవడం వల్ల. 2020 అక్టోబరులో, కోవిడ్ లెక్కల కోసం కేంద్రం వేసిన నేషనల్ సూపర్ మోడల్ కమిటీ, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కోవిడ్ బాగా తగ్గిపోతుందని చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో మనందరం చూశాం. కమిటీలో ఐఐటీ ప్రొఫెసర్లు ఉన్నారు, వాళ్ళకు కాలిక్యులస్ రాక కాదు. ఆ లెక్క వేసిన రోజున, తర్వాత వేగంగా పాకిన డెల్టా రకం వైరస్ ఇంకా అందులో లేదు. 'రేపు వైరస్ మారితే?' అనే ప్రశ్న అడగగలిగేది జబ్బు చదివినవాళ్ళే. అందుకని బైపీసీ వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేయకండి సార్.

బైపీసీ బ్యాచ్:
థాంక్స్ అన్నా. నిన్న రాత్రి ఎక్సెల్‌లో కూర్చున్నాను. వెయ్యి మంది ఉన్న ఊరు, 10 మందికి జ్వరం. ఒక్కొక్కరు రోజుకు సగటున 0.5 మందికి అంటిస్తారు, రోజుకు పావు వంతు మందికి తగ్గుతుంది అనుకున్నాను. అంటే జ్వరం సగటున నాలుగు రోజులు, ఒకరి నుంచి మొత్తం ఇద్దరికి. మొదటి రోజు కొత్తగా 4.95 (వెయ్యిలో ఇంకా రానివాళ్ళు 990 మందే కాబట్టి 5 కాదు), తగ్గింది 2.5, మిగిలింది 12.45. మర్నాడు 15.47. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, అంతే.

ఇంకా రానివాళ్ళు 500కు దిగేసరికి జ్వరం ఉన్నవాళ్ళ సంఖ్య తగ్గడం మొదలైంది. అయితే అక్కడ ఆగలేదు! చివరికి సుమారు 800 మందికి వచ్చాకే ఆగింది. సగం మందికి వస్తే చాలు అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. తగ్గుముఖం పట్టే రోజున అంతమంది జబ్బుతో ఉంటే, వాళ్ళు మిగిలినవాళ్ళకు అంటిస్తూనే ఉంటారు కదా. నా చేత్తో వేస్తేనే ఇది నాకు అర్థమైంది సార్.

చాక్‌పీస్:
చాలా బాగా చేశావమ్మా. గ్రాఫ్ ఎందుకు వంగిందో చెప్పలేరన్నాను, నువ్వు చెప్పావు. ఇంక ఒక్క పని చెయ్యి. అందరూ ఇంకా రానివాళ్ళే ఉన్న తొలి రోజుల్లో నీ లెక్క ప్రకారం జబ్బు రోజుకు 25 శాతం పెరుగుతుంది. పది రోజులకు ఒకరు 9.3 మంది అవుతారు. అదే లెక్కను రోజుకొకసారి కాకుండా గంటకొకసారి వేస్తే 12 మంది అవుతారు. జబ్బు అదే, అంటుకునే గుణం అదే, నువ్వు మాత్రం పట్టిక గడుల సైజు మార్చావు. మంచాలు సిద్ధం చేసే కలెక్టరుకు ఏ అంకె చెబుతావు?

బైపీసీ బ్యాచ్:
ఇది నేను అసలు ఊహించలేదు. మీరు చెప్పింది చూసుకుందామని మళ్ళీ వేశాను. రోజుకొకసారి వేస్తే 9.3. అరరోజుకు వేస్తే 10.5. పావురోజుకు 11.3. గంటకు మీరన్నట్టే 12. నిమిషానికి వేస్తే 12.2 వస్తోంది, ఆ తర్వాత ఇంకెంత చిన్నగా కోసినా దాదాపు కదలడం లేదు. అది ఆగే ఆ చోటునేనా సార్ మీరు కాలిక్యులస్ అంటున్నది?

చాక్‌పీస్:
అదేనమ్మా. ఇప్పుడు నీ రెండో పాఠం మళ్ళీ తెరువు.