అప్‌డేట్: గోదాం షెడ్డు కాంట్రాక్టరు సంగతి

రెండు నెలల కింద అడిగాను కదా, వరంగల్ ఎనుమాముల దగ్గర మా మిర్చి గోదాం షెడ్డుకు కాంట్రాక్టరు అడ్వాన్సు తీసుకుని సాగదీస్తున్నాడు, ఏం చేయాలని. మీలో చాలామంది చెప్పినట్టే నోటిమాట ఒప్పందం పక్కన పెట్టి, పునాది, స్తంభాలు, రేకులు, ఫ్లోరింగ్ అని పనిని విడగొట్టి కాగితం మీద రాయించాను. ఒక్కో దశ కొలతలు చూశాకే బిల్లు, అందులో 5 శాతం, పనిలో లోపం బయటపడితే పనికొచ్చేలా, ఆరు నెలలు మా దగ్గరే.

ఆలస్యానికి రోజుకు 5,000 జరిమానా రాద్దామంటే వకీలు సాబ్ నవ్వారు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం మనం రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమేనట, కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమేనట. వెయ్యికి తగ్గించాం.

ఇప్పుడు ప్రతి శనివారం నేనే టేపు పట్టుకుని పోతున్నా (మేస్త్రీకి నన్ను చూస్తేనే మంట). రేకులు పడ్డాయి, ఫ్లోరింగ్ ఒక్కటే మిగిలింది.