ఊరి మంచినీళ్ల బోరు చుట్టూ ఎంత దూరం కాపాడాలి? భూగర్భజలాల కదలికను లెక్కగట్టే మాడ్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు సాయం చేయండి

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో మా ఊరికి మంచినీళ్లిచ్చేది ఒక్కటే బోరు. దానికి ఎగువన అర కిలోమీటరు లోపే కోళ్ల ఫారం పెట్టబోతున్నారు. కోళ్ల పెంట కుప్పల నుంచి నైట్రేట్ భూమిలోకి దిగి మా బోరుకు చేరుతుందా, చేరితే ఎన్నాళ్లకు అన్నది లెక్కగట్టి పంచాయతీకి చూపించాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదని ఉంది. కానీ అది నీళ్లు తగ్గిపోకుండా పెట్టిన హద్దు. కాలుష్యానికి అదే దూరం సరిపోతుందని నాకనిపించడం లేదు.

మాడ్‌ఫ్లో మోడళ్లు తయారుచేసే మోడల్‌మ్యూజ్ అనే ప్రోగ్రామ్‌లో మాడ్‌ఫ్లో 6 మోడల్ కట్టాను. పైన 15 మీటర్ల మొరం, కింద పగుళ్లున్న గ్రానైట్, పడమర అంచున చెరువు. నీళ్లు వచ్చే దారిని చూపే మాడ్‌పాత్ ప్రోగ్రామ్‌తో బోరు నుంచి ఊహా నీటి రేణువులను వెనక్కి, అవి వచ్చిన దారినే నడిపించాను. రాతిపొర ఎఫెక్టివ్ పోరాసిటీ (రాయిలో నీళ్లు పారగలిగే ఖాళీల వంతు) 2 శాతం పెడితే ఫారం దగ్గరి నీళ్లు రావడానికి నాలుగేళ్లు, అర శాతం పెడితే ఒక్క ఏడాదే! నా టెన్షనంతా ఇక్కడే.

పగుళ్లను విడిగా చూపకుండా రాయి మొత్తాన్నీ ఇసుకపొరలా అనుకోవడం ఇంత చిన్న ప్రాంతంలో చెల్లుతుందా? ఉప్పునీళ్లతో ట్రేసర్ పరీక్ష (ఒకచోట ఉప్పు కలిపి, అది ఇంకోచోటికి ఎప్పుడు చేరుతుందో చూడటం) చేస్తే పోరాసిటీ తేలుతుందంటారు, వాడుకలో ఉన్న తాగునీటి బోరు దగ్గర ఎవరైనా చేశారా? ఉప్పు ఎంత కలిపారు? నీటిమట్టం కొలవడానికి నాకున్నవి రెండే పాత బావులు. మూడోది ఎటువైపు వెతకాలో కూడా చెప్పండి.