‘అట్రాక్షన్’కి తెలుగేది? ఆకర్షణా, తమాషానా, చోద్యమా?

అనువాదకురాలు:
సినిమా చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. రచయిత టామ్ గన్నింగ్, షికాగో విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన అమెరికన్ సినిమా చరిత్రకారుడు. వ్యాసం 1986 నాటిది, పట్టుమని పది పేజీలుండదు. అంతకు ముందు చరిత్రలు రాసినవారు సినిమా పుట్టిన తొలి పదేళ్ల చిత్రాలను కథ చెప్పడం ఇంకా చేతకాని పసితనంగా లెక్కగట్టేవారు. గన్నింగ్ అలా కాదన్నారు. వాళ్లు కథ చెప్పబోయి తడబడలేదు, అసలు వాళ్ల పనే చూపించడం అన్నారు. రైలు వచ్చి ఆగుతుంది. గారడివాడు మనిషిని మాయం చేస్తాడు. నటుడు తెర మీద నుంచి తిన్నగా మన వంక చూసి నవ్వుతాడు. ఇలా చూపరి కళ్లముందు పెట్టే ఒక్కొక్కదాన్నీ ఆయన ‘అట్రాక్షన్’ అన్నారు. నేను ‘ఆకర్షణల సినిమా’ అని రాసుకున్నాను. మా అమ్మాయి చదివి, “ప్రేమకథల గురించా?” అంది. ఇక ఆ మాట ఉంచలేకపోతున్నాను. దారి చూపండి.

మాస్టారు:
మీ అమ్మాయి చెవి మంచిదమ్మా. కృష్ ధాతువుకు లాగడం అని అర్థం. ఆకర్షణలో లాగే బలం ఉంది గానీ చూడదగిన వస్తువు లేదు. గురుత్వాకర్షణ అంటాం, అయస్కాంతానికి ఆకర్షణ ఉందంటాం. ‘జాతరలో ఏనుగు ప్రత్యేక ఆకర్షణగా నిలిచింది’ అని పత్రికలు రాస్తున్నాయి, నిజమే. అది ఇంగ్లీషును చూసి తయారుచేసుకున్న వాక్యం. జాతరకు వెళ్లివచ్చిన వాళ్లెవరూ అలా చెప్పుకోరు.

సినిమా విద్యార్థి:
ఆ మాట గన్నింగ్ సొంతం కూడా కాదండీ. 1923లో సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ నాటకరంగం గురించి రాసిన వ్యాసం నుంచి తీసుకున్నారు. రష్యన్ భాషలో అది సర్కసులో, సంతలో వాడే మాట: ఒక విన్యాసం, ఒక రంగులరాట్నం. మరో విశేషం, 1986లో అచ్చయినప్పుడు వ్యాసం పేరులో ఆ మాట ఏకవచనంలో ఉంది. 1990లో ఒక సంకలనంలో మళ్లీ వేసినప్పుడు బహువచనమైంది. కాబట్టి బలం కాదు, వస్తువులే. లెక్కపెట్టగలిగేవి.

నా ఓటు తమాషాకి. లేదంటే, నవ్వకండి, ‘ఐటం’. రికార్డింగ్ డాన్సుల కాలం నుంచి మన దగ్గర ఆ మాట సరిగ్గా ఈ అర్థంలోనే ఉంది. కథ ఆగుతుంది, పాట వస్తుంది, నర్తకి మన వైపే చూస్తుంది. కథాచిత్రాలు వచ్చాక ‘అట్రాక్షన్’ చచ్చిపోలేదని, కొంత ప్రయోగ చిత్రాల్లోకీ కొంత కథాచిత్రాల లోపలికీ వెళ్లి దాక్కుందని గన్నింగే రాశారు.

మాస్టారు:
ఐటం విశ్వవిద్యాలయ గ్రంథంలో అచ్చయ్యే రోజు చూడాలని నాకూ ఉంది నాయనా, కానీ ఆ మాటకు ఇప్పుడు ఒకటే రంగు. తమాషా వంశం బాగుంది. అరబ్బీలో నడకకు సంబంధించిన ధాతువు, పారశీకంలో నడుస్తూ చూడడం, మరాఠీలో ఏకంగా ఒక నాటకరూపం. తెలుగుకు వచ్చేసరికి వేళాకోళమైంది. ‘తమాషాల సినిమా’ అంటే హాస్యచిత్రం అనుకుంటారు.

నాకు తోచింది చోద్యం. ఇది ఒక్క ‘చూడు’ క్రియతోనే ఎక్కువగా కలుస్తుందని గమనించారా? కథ వింటాం, చోద్యం చూస్తాం. పైగా దీని ధాతువు చుద్: తోయడం, పురికొల్పడం. గాయత్రిలోని ‘ప్రచోదయాత్’, బండి నడిపే చోదకుడు ఈ ఇంటివాళ్లే. ప్రేక్షకుణ్ణి లెక్క ప్రకారం కుదిపేది అనే కదా ఐజెన్‌స్టైన్ దాన్ని నిర్వచించింది! లాగేది కాదు, తోసేది. ఈ చుట్టరికం యాదృచ్ఛికమే, అయినా వదులుకోబుద్ధి కావడం లేదు.

అనువాదకురాలు:
మాస్టారూ, మాట బాగుంది. కానీ ‘చోద్యం చూస్తూ నిలబడ్డావా?’ అని తిట్టడానికే కదా వాడతాం. అందులో చూసేవాడు పనిలేనివాడు, లేదా మనసులేనివాడు. గన్నింగ్ ఆ ప్రేక్షకుణ్ణి వెనకేసుకొచ్చారు. రైలు బొమ్మ చూసి జనం హడలి పారిపోయారన్న కథను 1989 నాటి వ్యాసంలో ఆయన ఉతికి ఆరేశారు. (అన్నట్టు, 1895 డిసెంబర్ 28న ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరులు పారిస్‌లో వేసిన మొదటి ఆటలో ఆ రైలు లేనే లేదు.) మొదట తెర మీద కదలని ఫొటో వేసేవారట. ఇంతేనా అని జనం పెదవి విరిచేలోపు అది కదిలేది. నిలిచిన బొమ్మ కదలడాన్నే వాళ్లు చూశారు, అది యంత్రం పని అని తెలిసే నోరు తెరిచారు. అలాంటివాళ్లకు తిట్టుమాట అంటగట్టడం న్యాయమా?

సినిమా విద్యార్థి:
అదే వ్యాసంలో రెండో ముఖం కూడా ఉందండీ. పాతకాలపు క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ చెప్పిన కంటి యావను గన్నింగ్ అక్కడ ప్రస్తావిస్తారు. అందమైనదాన్నే కాదు, ఛిద్రమైన శవాన్నీ చూడాలనిపించే కోరిక అది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే బండ్లు ఆపి చూస్తామే, అదే. ఇందాక మాస్టారు ఏనుగు అన్నారు కదా. 1903లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో టాప్సీ అనే ఏనుగును కరెంటు పెట్టి చంపుతుంటే ఎడిసన్ కంపెనీ చిత్రం తీసింది. ఏనుగును తీసుకొస్తారు. నిలబెడతారు. కాళ్ల దగ్గర పొగ లేస్తుంది, పక్కకు ఒరిగిపోతుంది. అంతే, ముందూ వెనకా కథ లేదు. గన్నింగ్ దీని గురించీ రాశారు. దీన్ని ఆకర్షణ అనడానికి నాకు నోరు రాదు. వింత అనీ అనలేను. చోద్యం అనగలను. అందులోని ఆ తిట్టు ఇక్కడ పనికొస్తుంది.

కొత్తగా చేరినవారు:
వింతను అంత తేలిగ్గా తోసెయ్యకండి. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ బొమ్మలు వేసినప్పుడు పత్రికలో ప్రకటన ఇచ్చింది ‘ప్రపంచపు వింత’ అనే. మన రఘుపతి వెంకయ్య బొమ్మతో పాటు శబ్దమూ వినిపించే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని మోసుకుని ఊళ్లు తిరిగి చూపించినవీ జనానికి వింతలే అయి ఉంటాయి. అదీగాక ఈ చరిత్రకారుడికి కథంటే పడదా?

సినిమా విద్యార్థి:
పడదని కాదండీ. 1991లో తొలితరం అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకమంతా సినిమా కథ చెప్పడం ఎలా నేర్చుకుందో చూపడానికే. అది కూడా గ్రిఫిత్ బయోగ్రాఫ్ కంపెనీలో పనిచేసిన తొలి రోజులు, 1908, 1909, పట్టుకుని. 1978లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 1900–1906 నాటి చిత్రాలను వందల కొద్దీ వరసగా వేస్తే కూర్చుని చూసిన పరిశోధకుల్లో ఆయనొకరు. అన్ని చూశాకే చూపించడం వేరు, చెప్పడం వేరు అన్న తేడా పట్టుకున్నారు.

అనువాదకురాలు:
సరే, ఏనుగు దగ్గర నేను ఓడిపోయాను. వ్యాసమంతా ‘చోద్యాల సినిమా’ అని మార్చాను. ఐజెన్‌స్టైన్ పేరు వచ్చిన చోట మాత్రం ‘సర్కసులో ఒక్కో విన్యాసం లాంటి చోద్యం’ అని ఒకసారి విప్పి రాశాను. వింతను వస్తువుకే పరిమితం చేశాను, చూపు కూడా కలిసిన చోట చోద్యమే. మా అమ్మాయికి మళ్లీ చూపించాను. ఈసారి “చూడాలనిపిస్తోంది, కానీ చూస్తే తప్పేమో అనిపిస్తోంది” అంది.

మాస్టారూ, 1989 వ్యాసం కూడా మొదలుపెడుతున్నాను. ‘అస్టానిష్‌మెంట్’కి అబ్బురం అనుకుంటున్నాను. విస్మయం మరీ పండితుల మాటలా ఉంది. ఏమంటారు?