5 నెలల పాపకు బెరా (వినికిడి) టెస్ట్, వైజాగ్‌లో చేయించినవాళ్లు ఉన్నారా?

మాది గాజువాక. పాపకు 5 నెలలు నిండాయి. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడుతుంది గానీ, వెనక నుంచి పిలిచినా, గిలక్కాయ ఆడించినా తల తిప్పదు. ఎదురుగా వెళ్తే మాత్రం ఒకటే బోసినవ్వులు! 4 నుంచి 6 నెలల మధ్య శబ్దం వచ్చిన వైపు చూడటం మొదలుపెట్టాలి కదా.

పుట్టినప్పుడు ఓఏఈ అనే వినికిడి టెస్టులో పాస్ అయింది. కానీ అది లోపలి చెవి వరకే చూస్తుందట, వినికిడి నరం సంగతి బెరాలోనే తెలుస్తుందట. "మా వాడూ ఇంతే, ఆలస్యంగానే పలికేవాడు" అని అత్తయ్య కొట్టిపారేస్తున్నారు. నాకేమో టెన్షన్ తగ్గడం లేదు.

బెరా ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చేస్తారా, బయట చేయించాలా? ఖర్చెంత అవుతుంది? టెస్టు అయ్యేదాకా పాప నిద్రలోనే ఉండాలంటున్నారు. మత్తుమందు లేకుండా పాలు పట్టి నిద్రపుచ్చితే సరిపోయిందా మీకు?