16 ఓమ్‌ల క్యాబ్‌ని 8 ఓమ్‌ల జాక్‌కి పెట్టవచ్చా?

కొత్తశృతి:
నమస్తే. 50 వాట్ల గిటార్ ట్యూబ్ ఆంప్ హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) ఒకటి చేతికొచ్చింది. ముందువైపు గెయిన్, బేస్, మిడ్, ట్రెబుల్, ప్రెజెన్స్, మాస్టర్ (మొత్తం వాల్యూమ్) నాబ్‌లు ఉన్నాయి. అవి తిప్పుతూ నేర్చుకుంటాను. వెనకవైపు చూస్తేనే టెన్షన్. స్పీకర్ జాక్‌లు రెండే: ఒకటి 4 ఓమ్‌లది, ఒకటి 8 ఓమ్‌లది. నా క్యాబ్ (స్పీకర్ల పెట్టె) మీదేమో 16 ఓమ్‌లు అని ఉంది. లోపల 12 అంగుళాల స్పీకర్లు నాలుగు. 8 జాక్‌కి పెడితే పర్వాలేదా? పక్కనే సెండ్, రిటర్న్, లైన్ అవుట్ అని ఇంకో మూడు జాక్‌లు కూడా ఉన్నాయి.

బరువుతీగ:
పెట్టకండి. ట్యూబ్ ఆంప్‌లో ఓమ్‌లు కలిసి తీరాలి. నా ఆంప్ సరిగ్గా ఇలాగే పోయింది. 16 క్యాబ్‌ని 8 జాక్‌కి పెట్టి వాయిస్తుంటే మధ్యలో శబ్దం తెగి తెగి వచ్చి, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. కాలిన వాసన. తెరిచి చూస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. రిపేరు చేసినాయన చూడగానే "ఓమ్‌లు కలవలేదు" అన్నాడు. కొత్తది వచ్చేదాకా నెలల తరబడి ఆంప్ మూలన పడి ఉంది.

రిఫ్ఫురాజు:
నేను ఎప్పటినుంచో 16ని 8కి పెట్టే వాయిస్తున్నా. ఏమీ కాలేదు.

వాల్వ్‌వెలుగు:
16ని 8కి పెట్టడంలో తప్పేం లేదు. స్పీకర్ ఓమ్‌లు ఎక్కువైతే ఎప్పుడూ సేఫ్, తక్కువైతేనే ప్రమాదం. ఏ ఆంప్‌కైనా ఇదే లెక్క.

టంకంపొగ:
వాల్వ్‌వెలుగు గారూ, మీరు చెప్పింది ట్రాన్సిస్టర్ ఆంప్ లెక్క. వాటిలో సాధారణంగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఓమ్‌లు తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, స్పీకర్ అసలు లేకపోతే ఏమీ కాదు. ట్యూబ్ ఆంప్‌లో స్పీకర్ లేకుండా వాయించడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

ట్రాన్స్‌ఫార్మర్ పని సైకిల్ గేరు లాంటిది. ట్యూబ్‌లకి వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకర్‌కి అందుకు విరుద్ధం. ఉదాహరణకి ఆ ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓమ్‌ల స్పీకర్‌ని ట్యూబ్‌లకి 4000 ఓమ్‌లుగా చూపిస్తుందనుకోండి. అదే జాక్‌కి 16 పెడితే 8000గా కనిపిస్తుంది, 4 పెడితే 2000గా. 2000 అయితే ట్యూబ్‌లలో కరెంటు పెరిగి అవి త్వరగా అరుగుతాయి. 8000 అయితే పవర్ కాస్త తగ్గుతుంది, టోన్ మారుతుంది, గట్టిగా వాయించినప్పుడు పవర్ ట్యూబ్ లోపల ఉండే స్క్రీన్ గ్రిడ్ అనే భాగం మీద భారం పెరుగుతుంది. ఒక మెట్టు అటూ ఇటూ అయితే ఆరోగ్యంగా ఉన్న ఆంప్‌లు చాలావరకు తట్టుకుంటాయి. రెండు మెట్లు, అంటే 16ని 4కి పెట్టడం, నేను చెయ్యను, ఎవరికీ చెప్పను.

అన్నట్టు కొత్తశృతి గారూ, లైన్ అవుట్‌కి క్యాబ్ పెట్టకండి. అది రికార్డింగ్‌కి, మిక్సర్‌కి ఇచ్చే చిన్న సిగ్నల్. క్యాబ్ అక్కడ పెడితే అసలు స్పీకర్ జాక్ ఖాళీగా ఉండిపోతుంది. సెండ్ నుంచి ఎఫెక్ట్ పెడల్‌కి, పెడల్ నుంచి రిటర్న్‌కి. వాటికీ స్పీకర్‌కీ సంబంధం లేదు.

బరువుతీగ:
"చాలావరకు తట్టుకుంటాయి" అంటే ఏమిటండీ? నాది తట్టుకోలేదు కదా. ఆ "చాలావరకు"లో లేనివాడి సంగతేంటి?

మెల్లగా_వాయించు:
మాస్టర్ తగ్గించి వాయిస్తే సరిపోదా?

టంకంపొగ:
కొంత సాయపడుతుంది. గెయిన్ పెంచి మాస్టర్ తగ్గిస్తే వక్రీకరణ (డిస్టార్షన్) ప్రీఆంప్‌లోనే, అంటే పవర్ ట్యూబ్‌ల ముందు దశలోనే తయారవుతుంది, పవర్ ట్యూబ్‌లకి చేరే సిగ్నల్ చిన్నదిగా ఉంటుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒత్తిడి తక్కువే. కానీ మాస్టర్ తగ్గించాం కదా అని స్పీకర్ లేకుండా ఆన్ చెయ్యకూడదు.

వాల్వ్‌వెలుగు:
నేనన్నదీ అదేగా. 16 అయితే సేఫ్.

టంకంపొగ:
మీరన్నది "ఎప్పుడూ సేఫ్" అని. ఆ మాటని చివరిదాకా లాగితే ఓమ్‌లు అనంతమైనా సేఫే అనాలి. ఓమ్‌లు అనంతం అంటే స్పీకర్ పీకేసినట్టు.

వాల్వ్‌వెలుగు:
16కీ అనంతానికీ తేడా లేదా? మాటలు లాగకండి.

టంకంపొగ:
ఉంది. అందుకే ఒక మెట్టు పర్వాలేదంటున్నాను. ఇంకో సంగతి: 8 ఓమ్‌లు అని రాసి ఉన్న స్పీకర్ ఎప్పుడూ 8 ఓమ్‌లుగా ఉండదు. మీటర్ పెడితే 6, 7 మధ్య చూపిస్తుంది. వాయిస్తుంటే స్వరాన్నిబట్టి మారుతుంది, దాని సహజ కంపనం దగ్గర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ జాక్ ఉన్న పాత ఫెండర్ ఆంప్‌లు చూడండి. లోపల 8 స్పీకర్ ఉండగా బయట ఇంకో 8 పెడితే మొత్తం 4 అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే. తయారుచేసినవాళ్లే ఆ వెసులుబాటు ఇచ్చారు.

బరువుతీగ గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. శబ్దం తెగి తెగి వచ్చిందన్నారు. హెడ్ నుంచి క్యాబ్‌కి ఏ కేబుల్ వాడారు?

బరువుతీగ:
రెండు వైపులా జాక్ ఉన్న కేబుల్. అందరూ వాడేదే.

టంకంపొగ:
గిటార్‌కి పెట్టే షీల్డ్ కేబులా, స్పీకర్ కేబులా? పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. గిటార్ కేబుల్‌లో మధ్యన సన్నటి తీగ, చుట్టూ సన్న తీగల అల్లిక, అదే షీల్డ్. 50 వాట్లు 8 ఓమ్‌ల స్పీకర్‌కి వెళ్తే సుమారు 2.5 ఆంపియర్లు. ఆ తీగ అంత కరెంటు కోసం పెట్టింది కాదు. వేడెక్కి ఎక్కడో తెగిందంటే ఆ క్షణంలో ఆంప్‌కి స్పీకర్ లేనట్టే. ట్రాన్స్‌ఫార్మర్‌లో నిలిచిన శక్తికి దారి లేక వోల్టేజీ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. ట్యూబ్ సాకెట్‌లో 2, 3 పిన్‌ల మధ్య నిప్పురవ్వ కొట్టి నల్లటి గీత పడిందేమో రిపేరు చేసినాయన చూపించారా?

బరువుతీగ:
అంటే తప్పు నాదేనంటారు. ఆంప్ పోగొట్టుకున్నది నేను, తెరిచి చూసినాయన చెప్పింది ఒకటి. మీరు చూడను కూడా చూడకుండా ఇక్కడ కూర్చుని కేబుల్ అంటున్నారు.

రిఫ్ఫురాజు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

టంకంపొగ:
తప్పు ఎవరిదని నేను అనలేదు. తెగి తెగి రావడం అనేది ఓమ్‌లు కలవకపోవడానికి లక్షణం కాదు, కనెక్షన్ వదులు కావడానికి లక్షణం. కేబుల్ కావచ్చు, జాక్ కావచ్చు. వెనక ఓమ్‌లు మార్చడానికి తిప్పే సెలెక్టర్ ఉన్న ఆంప్ అయితే దాని కాంటాక్టుకి మురికి పట్టి ఉండొచ్చు. అందుకే అడిగాను.

బరువుతీగ:
సరే, నేనొకటి అడుగుతాను. ఈ అబ్బాయి ఇవాళే ఆంప్ తెచ్చుకున్నాడు. అతనికి స్క్రీన్ గ్రిడ్, అనంతం, 8000 ఓమ్‌లు ఎందుకు? మీకు టంకం పట్టుకోవడం తెలుసు, పాడైతే బాగుచేసుకుంటారు. మాలాంటివాళ్లకి పాడైతే అంతే. "ఓమ్‌లు కలపండి" అని ఒక్క ముక్క చెప్తే ఎవరి ఆంపూ కాలదు. మీరిచ్చే ఈ "పర్వాలేదు"లు చదివి ఎవడో ఒకడు 16ని 4కి పెడతాడు. నా బాధ అది.

టంకంపొగ:
ఇప్పుడు మీరు చెప్పింది నాకు అర్థమైంది, మొదటే ఇలా చెప్పి ఉంటే బాగుండేది. కానీ నేను ఒప్పుకోను. ఆ ఒక్క ముక్కే చెప్తే మనిషి క్యాబ్ మీద అంకె, జాక్ మీద అంకె చూసుకుని, కలిశాయి కాబట్టి అంతా బాగుందనుకుంటాడు. చేతిలో ఉన్నది గిటార్ కేబుల్ అని చూడడు. జాక్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడడు. నా బల్ల మీదికి వచ్చే కాలిన ట్రాన్స్‌ఫార్మర్లలో ఓమ్‌లు సరిగ్గా కలిసినవే ఎక్కువ. ఎందుకో తెలిస్తేనే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

బరువుతీగ:
తెలుసుకునే ఓపిక అందరికీ ఉండదు.

టంకంపొగ:
అతను అడిగాడు కదా. అడిగినవాడికి ఓపిక ఉన్నట్టే.

మూడోఫ్రెట్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కొత్తశృతీ, క్యాబ్ వెనక చెక్క విప్పి ఒక్కో స్పీకర్ మీద ఎన్ని ఓమ్‌లుందో చూడు. నాలుగూ 16 అయితే, ఇప్పుడు రెండేసి వరుసగా, ఆ రెండు జతలు సమాంతరంగా ఉండి ఉంటాయి. నాలుగింటినీ సమాంతరంగా మారిస్తే మొత్తం 4 ఓమ్‌లు. 4 జాక్‌కి నేరుగా సరిపోతుంది. ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు కలపాలి. ఒక్కటి తిరగబడినా బేస్ పల్చబడుతుంది.

రిఫ్ఫురాజు:
ఇది ముందే ఎవరికీ తట్టలేదేంటి!

కొత్తశృతి:
విప్పి చూశాను, నాలుగింటి మీదా 16 అనే ఉంది. వైర్లు మార్చాను. కేబుల్ ఒక చివర మీటర్ పెడితే 3.3 చూపిస్తోంది. అది స్పీకర్ కేబులే, షీల్డ్ లేదు, రెండు తీగలూ లావుగా సమానంగా ఉన్నాయి. సరేనా?

టంకంపొగ:
సరే. 4 ఓమ్‌ల క్యాబ్‌కి మీటర్ అంతే చూపించాలి. ఆంప్ ఆఫ్‌లో ఉండగానే కేబుల్ రెండు వైపులా లోపలికంటా నొక్కి పెట్టండి. ఆ తర్వాత పవర్, ట్యూబ్‌లు వేడెక్కాక స్టాండ్‌బై స్విచ్. మాస్టర్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, హెడ్ మాత్రం విప్పకండి.

బరువుతీగ:
చివరికి ఓమ్‌లు కలిపే పెట్టారు. నేను మొదటి నుంచీ చెప్పింది అదే.

వాల్వ్‌వెలుగు:
8కి పెట్టినా ఏమీ అయ్యేది కాదు.