అమెరికా ఉద్యోగ అంచనాలు: శాతం చూడాలా, సంఖ్య చూడాలా?

ప్రశ్న:
మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదవాలనుకుంటోంది. అక్కడి కార్మిక గణాంక బ్యూరో 2023–33 దశాబ్దానికి వేసిన అంచనాలలో గాలిమరల టెక్నీషియన్ల ఉద్యోగాలు 60 శాతం పెరుగుతాయనీ, కంప్యూటర్ ప్రోగ్రామర్ల ఉద్యోగాలు 10 శాతం తగ్గుతాయనీ చదివి కంగారు పడుతున్నాను. ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

మొదటి జవాబు:
శాతం ఒక్కటే చూస్తే పొరబడతామండీ. ఆ టెక్నీషియన్లు 2023లో 11 వేల పైచిలుకు మందే కనుక 60 శాతం అంటే దాదాపు 7 వేల కొత్త కొలువులే. అదే వృద్ధులకు, రోగులకు ఇళ్లలో సాయపడేవారి విషయంలో పెరుగుదల 21 శాతమే అయినా కొత్త ఉద్యోగాలు 8 లక్షలు దాటుతాయి. అయితే వాటికి పాఠశాల చదువు చాలు, జీతమూ తక్కువే. మాస్టర్స్ డిగ్రీ కావలసిన నర్స్ ప్రాక్టీషనర్లకు (రోగాన్ని నిర్ధారించి మందులు రాసే ఉన్నత శిక్షణ పొందిన నర్సులకు) మాత్రం 46 శాతం పెరుగుదల చూపారు.

రెండో జవాబు:
ఆ అంచనాల పట్టికలో ప్రోగ్రామర్ వేరు, డెవలపర్ వేరు. ఇతరులు రూపొందించిన నమూనాకు కోడ్ రాసేవారు ప్రోగ్రామర్ల వరుసలోకి వస్తారు. సాఫ్ట్‌వేర్‌ను రూపొందించే డెవలపర్లు, దాన్ని పరీక్షించే టెస్టర్లు కలిసిన వరుసలో 17 శాతం పెరుగుదల ఉంది. ఖాళీల సంఖ్యనూ తప్పక చూడండి: నర్సుల ఉద్యోగాలు 6 శాతమే పెరిగినా, విరమించేవారూ వృత్తి మారేవారూ ఉండడం వల్ల ఏటా సగటున 1.9 లక్షలకు పైగా ఖాళీలు ఏర్పడతాయని అంచనా. వీసా నిబంధనలు మాత్రం ఈ లెక్కల్లో ఉండవు, వాటిని విడిగా పరిశీలించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈ రాత్రే అమ్మాయితో కూర్చుని ఖాళీల పట్టిక చూస్తాను.